స్టీరింగు లేని ఫియట్

ఆదోని
ఫిబ్రవరి 11

జయశ్రీ గారికి,

రాఘవేంద్ర రాయునది. నాన్న దినాల నాడు మనిద్దరం దేవుని గూటి ముందు నిలబడి, రణమండల ఆంజనేయుని మీద ఒట్టేసుకుని మాటలు మానుకున్నాం. ఐదేళ్లయింది, నేను తప్పలేదు. ఫోన్ చేస్తే మాట్లాడినట్టే లెక్క. అందుకే ఈ జాబు. జాబు రాయకూడదని ఒట్టులో లేదు. అక్కా అని రాయలేదని నొచ్చుకోవద్దు, కావాలనే రాయలేదు.

నాన్న ఫియట్ కారును ఇంట్లోనే బాగుచేయిస్తున్నాను. మండీ పిల్లలకు అప్పగించాక నాకు పొద్దు పోవడం లేదు. వెనకనున్న దూది గోడౌన్ ఖాళీ చేయించి టార్పాలిన్ తీశాను. సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి. అడుగు రేకు చెయ్యి తగిలితే పొడిపొడిగా రాలుతోంది. అయినా ఇంజన్ మాత్రం బిగుసుకుపోలేదు. టింకరింగ్ పనికి జయరాజు రోజూ ఇంటికే వస్తున్నాడు. బోల్టులు కిరోసిన్‌లో నానబెట్టేది నేను, తుప్పు గీకేది నేను. నా చేతులు చూసి మా ఆవిడ భారతి అన్నం వడ్డించడానికి మొహం చిట్లిస్తోంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ కారు స్టీరింగు నీ దగ్గరుంది. నాన్న దినాల నాడు నలుగురూ భోజనాలు చేస్తుంటే నువ్వు గోడౌన్‌లోకి పోయి, స్పానర్ పెట్టి దాన్ని విప్పుకుని, కొంగులో చుట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కావు. ఆస్తిలో పైసా అడగని మనిషివి ఆ స్టీరింగు ఏం చేసుకోను? బస్సు పార్సిల్‌లో పంపించు. చార్జీ నేను కట్టుకుంటాను.

ఆ కారు ఈ ఇంట్లోంచి ఆఖరుసారి బయటికి పోయింది నీతోనే. ఎవరికీ చెప్పకుండా తెల్లవారుజామున దాన్ని తోలుకుని పోయి, మగ్గం నేసేవాణ్ని పెళ్లి చేసుకున్నావు. నాన్న కారును వెనక్కి తెచ్చి టార్పాలిన్ కప్పాడు, చచ్చేదాకా మళ్లీ తీయలేదు. నా పెళ్లికి నేను అద్దె కారులో ఊరేగాను. షరాఫ్ బజారులో ఈరోజుకీ ఆ ఫియట్ పేరెత్తితే నీ కథే చెప్పుకుంటారు. అది ఒక్కసారైనా ఈ వాకిట్లోంచి నా చేతి మీద బయటికి పోవాలి. నాకు అంతే కావాలి.

రాఘవేంద్ర


ఎమ్మిగనూరు
ఫిబ్రవరి 17

ఆదోని షావుకారు రాఘవేంద్ర గారి దివ్య సముఖానికి,

జాబు అందింది. ముప్పై కిలోమీటర్ల దూరానికి స్పీడ్ పోస్టా! పోస్ట్‌మన్ నా మొహం, కవరు మొహం మార్చి మార్చి చూశాడు. "ఏమ్మా, కోర్టు నోటీసా?" అన్నాడు. అంతకంటే ఎక్కువే అన్నాను.

స్టీరింగు నా దగ్గరే ఉంది. మగ్గం గదిలో మేకుకు తగిలించి ఉంది. ఎందుకు తెచ్చానో నీకు తెలియదా? ఆ రోజు భోజనాల దగ్గర బంధువులందరినీ హాల్లో కూర్చోబెట్టి, నా మొగుణ్ని తీసుకుపోయి హమాలీల పంక్తిలో కూర్చోబెట్టావు. ఈ ఇంటికి ఆయన ఒక్కడే అల్లుడు. ఆయన విస్తరి ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, "సాంబారు బాగుండాదప్పా" అని వంటాయనకు చెప్పి బస్టాండుకు నడిచిపోయాడు. నేను మాత్రం విస్తరి వదిలేసి లేచాను. ఏదో ఒకటి పగలగొట్టాలనిపించింది. పగలగొట్టలేదు, విప్పుకుని వచ్చాను. సంతోషించు.

ఇస్తాను, కానీ పార్సిల్‌లో కాదు. కారు మా వాకిటి ముందుకు రావాలి. నువ్వు దిగాలి. మా వీధి మొత్తం వినేటట్టు ఆయన్ని "బావా" అని పిలవాలి. మా ఇద్దర్నీ ఎక్కించుకుని ఆదోని తీసుకుపోయి నాకు ఒడి నింపాలి. బియ్యం, కొబ్బరి, పసుపు, కుంకుమ, రవికె గుడ్డ. పెళ్లయిన ఆడపిల్లకు ఏ పుట్టిల్లయినా చేసేదే. నాకు ఒక్కసారి కూడా చేయలేదు. "పుట్టిల్లు లేనిదాన్ని తెచ్చుకున్యాడు" అని ఆయన్ని ఈ వీధిలో అనని నోరు లేదు.

స్టీరింగు లేకుండా కారెట్లా తేవాలి అంటావు. అది నీ తలనొప్పి.

జయశ్రీ


ఆదోని
మార్చి 2

జయశ్రీకి,

నీ జాబు భారతికి చదివి వినిపించాను. "మీయక్కది నోరు కాదు, రంపం" అంది. నేను కాదనలేదు.

బావా అన్న మాట నా నోట రాదు. ఎందుకు రాదో విను. నువ్వు పోయిన రోజు నాన్న మామూలుగానే మండీకి పోయి గద్దె మీద కూర్చున్నాడు. నన్నూ పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పత్తి అమ్మడానికి వచ్చినవాళ్లు, కొనడానికి వచ్చినవాళ్లు, ఏ పనీ లేనివాళ్లు కూడా వచ్చారు. "షావుకారూ, పాప కారు బాగా తోలుతాదంట కదా?" ఒకడు. "బండి మనదే గదా, బాడుగ మిగిలె" ఇంకొకడు. నాన్న అందరికీ నవ్వుతూ టీ తెప్పించాడు. సాయంత్రం ఇంటికొచ్చి వాంతి చేసుకున్నాడు. శుభ్రం చేసింది నేను. అప్పటికే అమ్మ లేదు, నువ్వూ లేవు. ఆ మనిషిని చూస్తే నాకు ఆ వాసనే గుర్తొస్తుంది. ఇంకేం బావ?

ఇంకోటి కూడా విను. మార్కెట్ యార్డులో తెల్లవారకముందే నాన్న నీకు డ్రైవింగ్ నేర్పేవాడు. నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టేవాడు. నాకెప్పుడు నాన్నా అంటే, "నీకింగా కాళ్లందవు లేరా" అనేవాడు. కాళ్లు అందేసరికి నువ్వు కారుతో పోయావు. స్టీరింగు పక్కన గేరుండే ఆ బండి తోలడం నాకు ఇప్పటికీ రాదు. నాకు యాభై రెండేళ్లు!

నీ స్టీరింగు నాకు అక్కర్లేదు. బెంగళూరు పాత సామాన్ల బజారులో ఇంకొకటి దొరికింది. వచ్చే వారం వస్తుంది. నీది మగ్గం గదిలోనే వేలాడదీసుకో.

అన్నట్టు, ఎడమ మడ్‌గార్డు మీద నువ్వు చేసిన సొట్టను జయరాజు రెండు రోజులు సుత్తితో కొట్టి తీశాడు. "ఆడోళ్ల చేతికి బండిస్తే ఇంతే సామీ" అన్నాడు. నిజమే అన్నాను.

రాఘవేంద్ర


ఎమ్మిగనూరు
మార్చి 10

రాఘవేంద్రకు,

ఆ సొట్ట నాది కాదు. జయరాజుకు కూడా చెప్పు. కారు తీసుకుపోవడానికి నాన్న మా వీధికి వచ్చాడు. మా ఇంటివైపు తల తిప్పకూడదని పంతం పట్టి, వెనక్కి చూడకుండా బండి తిప్పి కరెంటు స్తంభానికి కొట్టాడు. నేను వాకిట్లోనే నిలబడి ఉన్నాను. "నాన్నా, ఎడమకు, ఎడమకు" అని అరిచాను కూడా. వినలేదు. నాకు బండి నేర్పిన మనిషి కారు కొట్టడం అదే మొదలు.

నాన్న వాంతి శుభ్రం చేశానని రాశావు. చేసి ఉంటావు, నేనేమీ కాదనను. కానీ నేను నాన్నకు చెప్పకుండా పోయానని రాశావే, అది అబద్ధం. అడిగాను. యార్డులో కారు ఆపి, చేతులు స్టీరింగు మీద పెట్టుకునే అడిగాను. సొసైటీకి నూలు కొనడానికి మన మండీ పక్కకు వచ్చే మహేశ్వర్‌ను చేసుకుంటాను, మంచివాడు, మీరే వచ్చి చేయండి నాన్నా అన్నాను. కాదనలేదు. అవుననలేదు. తలుపు తీసుకుని దిగి, ఇంటికి నడిచిపోయాడు. తాళాలు కారులోనే ఉన్నాయి. నాన్న వాటిని ఆ రోజు అడగలేదు, మర్నాడు అడగలేదు. తర్వాత నేను పోయాను. అది అవుననడమో కాదనడమో ఇన్నేళ్లుగా నాకు తెలియదు. నీకు మాత్రం అంతా తెలిసినట్టు రాస్తావు.

మా ఆయన్ని చూస్తే వాంతి వాసన వస్తుందా? ఆయన నిన్ను ఒక్క మాట అన్నాడా ఎప్పుడైనా? నీ పెళ్లికి పిలవకపోయినా పంచెల చాపు నేసి పంపాడు. దాన్ని ఎవరికిచ్చావో నీకే తెలియాలి.

బెంగళూరు స్టీరింగు మన బండికి పట్టదు. లోపలి పళ్లు కలవవు. నాన్నది పాత మోడలు. డబ్బు దండగ అయ్యాక రాయి, నవ్వుకుంటాం.

జయశ్రీ


ఆదోని
మే 19

జయశ్రీకి,

నవ్వుకో. పట్టలేదు.

జయరాజు ఆకురాయి పెట్టి అరగదీస్తానన్నాడు. వద్దన్నాను. సగం దారిలో ఊడి చేతికొస్తే రోడ్డు పక్క చేలో పడి ఉంటాను, నీకు ఇంకా సంబరం.

నాన్న నిన్ను చూసీ చూడనట్టు వదిలేశాడంటే నేను నమ్మను. నాన్న అట్లాంటివాడు కాదు. చచ్చిపోయిన మనిషి మీద ఏం చెప్పినా చెల్లుతుందనుకోవద్దు.

ఇంజన్ స్టార్ట్ అయింది. ఎండకు గోడౌన్ రేకులు కాలిపోతున్నాయి. మధ్యాహ్నం పూట కార్బొరేటర్ మూడోసారి విప్పి బిగించి సెల్ఫ్ కొడితే, దగ్గి, ఇంత పొగ వదిలి, పట్టుకుంది. ఇంట్లో వాళ్లందరూ పరుగెత్తుకొచ్చారు. నేను పొగకు కళ్లు మండుతున్నాయన్నాను. అడుగు రేకు మొత్తం కొత్తది వేశాం. రంగు పాత ముదురాకుపచ్చే. బంపర్లు, దీపాల చుట్టూ ఉండే రింగులు మెరుగు పెట్టడానికి బెంగళూరు పంపాను.

ఒక మాట చెప్తాను, కోపం లేకుండా చదువు. కారును లారీ మీద ఎక్కించి నీ వాకిట్లో దించుతాను. అక్కడే స్టీరింగు బిగిద్దాం. ఇద్దరూ ఆదోని రండి. భారతి ఒడి నింపుతానంది, బియ్యం కూడా చూసి పెట్టింది. కానీ ఆ మాట మాత్రం అడగొద్దు. మహేశ్వర్ గారూ అంటాను. గారు పెడతాను. అంతకంటే దిగలేను.

రాఘవేంద్ర


ఎమ్మిగనూరు
జూన్ 24

రాఘవేంద్రకు,

జవాబు ఆలస్యమైంది. ఇంట్లో పనులున్నాయి.

లారీ మీద తేవడానికి అదేమన్నా పత్తి మూటా? పుట్టింటి బండి చక్రాల మీద రావాలి.

స్టీరింగు బస్సు పార్సిల్‌లో వేశాను. ఆయన నేసిన తువ్వాలలో చుట్టి ఉంది, తువ్వాల పారేయొద్దు. నేను అడిగినవన్నీ అట్లాగే ఉన్నాయి, ఒక్కటీ వదులుకోలేదు. కానీ ముందు ఇది బిగించి కారు తీసుకుని రా. నీ నోట ఏం వస్తుందో వచ్చాక చూద్దాం. ఆషాఢం రాకముందే రా.

జయశ్రీ


ఆదోని
జూలై 9

జయశ్రీకి,

పార్సిల్ అందింది. చివరికి దిగి వచ్చావు! ఐదు నెలలు నన్ను ఆడించి, లారీ అంటే ఎగతాళి చేసి, ఆఖరికి నువ్వే కట్టి పంపావు. భారతి "మీయక్క ఇంత సులువుగా ఇస్తాదనుకోలేదు" అంది. నాన్న కూతురివే గదా, గెలవలేని చోట పంతం వదిలేస్తావు అన్నాను.

బిగించాం. చక్కగా కూర్చుంది. నేను గోడౌన్‌లోనే ముందుకూ వెనక్కీ తోలి గేర్లు నేర్చుకుంటున్నాను. మొదటిరోజు గోడకు తగిలించాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, నీకు మాత్రం రాస్తున్నాను, ఎందుకంటే నీకు చెప్పినా నువ్వు నాతో మాట్లాడవు.

ఆషాఢం రాకముందే రమ్మన్నావు. ఆషాఢం వచ్చేసింది. ఆషాఢంలో ఎవరైనా బండి తీస్తారా? పైగా బంపర్లు బెంగళూరు నుంచి రాలేదు. బంపర్లు లేకుండా షావుకారు బాలకృష్ణయ్య కారు వీధిలోకి పోదు. ఇన్నేళ్ల తర్వాత పోయేది, చూసినవాడు నోరు తెరవాలి గానీ నవ్వకూడదు. శ్రావణంలో చూద్దాం.

తొందరపెట్టొద్దు. ముప్పై ఆరేళ్లు ఆగినదానివి.

రాఘవేంద్ర


ఎమ్మిగనూరు
ఆగస్టు 14

రాఘవా,

నేను దిగి రాలేదు. ఆయన దిగిపోతున్నాడు, అందుకని పంపాను.

చెప్పకూడదనుకున్నాను. నీ జాలి నాకు అక్కర్లేదు, ఇప్పటికీ అక్కర్లేదు. ఉగాది అయినప్పటి నుంచి ఆయనకు ఊపిరి అందడం లేదు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయట. కర్నూలులో చూపించాం, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మగ్గం ఆగిపోయింది. వాకిటి దాకా నడవడానికి మధ్యలో ఒకసారి కూర్చుంటాడు. రాత్రి పడుకోలేడు, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతాడు.

నీ జాబులన్నీ చదువుతాడు. వాంతి సంగతి రాసిన జాబు కూడా చదివాడు. దాచిపెడదామనుకుంటే పోస్ట్‌మన్ ఆయన చేతికే ఇచ్చాడు. చదివి మడిచి, "చిన్న పిల్లోడు, అయ్యకు అట్లయితే భయపడడా?" అన్నాడు. నువ్వు ఆయనకు ఇప్పటికీ చిన్న పిల్లోడివే. ఇంజన్ స్టార్ట్ అయిందని రాశావు చూడు, ఆ రోజు ఎదురింటి ఉచ్చీరమ్మను పిలిచి మరీ చెప్పాడు. రోజూ అడుగుతాడు. "కారు యాడికొచ్చె? రంగేసినారా?" నేను ఏం చెప్పాలి?

మొగుడు పోయినదానికి ఒడి నింపరు. నీకూ తెలుసు, భారతికీ తెలుసు. ఆయన లేచి వాకిట్లో నిలబడగలిగినప్పుడే రా. బంపర్లు లేకుండా రా. రంగు లేకపోయినా, అద్దాలు లేకపోయినా రా. మా వీధిలో ఎవరూ బంపర్లు చూడరు. ఆయన్ని ఎవరు ఏమని పిలిచారో అదే వింటారు.

ఇంతకంటే బతిమాలడం నాకు చేతకాదు.

జయశ్రీ


ఆదోని
సెప్టెంబరు 12

అక్కా,

ముందే ఎందుకు చెప్పలేదు? ఎప్పుడూ ఇంతే నువ్వు. అందరూ నీ మనసులో ఉన్నది వాసన పట్టుకుని తెలుసుకోవాలి.

శ్రావణంలోనే వద్దామనుకున్నాను. బెంగళూరు వాడు బంపర్లు ఈ వారం, వచ్చే వారం అని నాకు యాష్ట తెప్పించాడు. ఇప్పుడొచ్చాయి. చూడు, మొహం కనిపిస్తుంది వాటిలో. కానీ బుధవారం నుంచి మహాలయ పక్షాలు. పెద్దలకు పిండాలు పెట్టే ఈ పదిహేను రోజుల్లో ఎవరూ బండి బయటికి తీయరు, ఒడి అసలే నింపరు. అయ్యవారిని అడిగాను, "వద్దే వద్దు, ఆ మనిషికే మంచిది కాదు" అన్నాడు. నేను మొండిగా వచ్చి, తర్వాత ఏదైనా అయితే నువ్వే నన్ను బతకనిస్తావా?

విజయదశమి పొద్దున ఆయుధపూజ చేసి, నిమ్మకాయలు తొక్కించి నేరుగా నీ వాకిటికే వస్తాను. ఒట్టు. ఎంతో దూరం లేదు, నెల రోజులు. ఆయనకు చెప్పు. కర్నూలు వద్దంటే బళ్లారిలో చూపిద్దాం, నేను మాట్లాడి పెడతాను. ఆపిల్ పండ్లు, బత్తాయిలు పంపిస్తున్నాను.

ఏమని పిలుస్తానో అక్కడికొచ్చాక చూసుకుందాం. బండి రానీ ముందు.

రాఘవ


ఎమ్మిగనూరు
అక్టోబరు 8

ఆదోని షావుకారుకు,

నీ కారుకు ముహూర్తం ఇంకా నాలుగు రోజులుంది. ఆయన ఆగలేదు. మంచిరోజు చూసుకుని పోవడం ఆయనకు తెలియలేదు. నువ్వు ఎవరూ బండి తీయరన్న ఆ పక్షాలలోనే పోయాడు.

నువ్వు వచ్చావు. చూశాను. బస్సులో వచ్చావు. గోడౌన్‌లో కారు మెరుస్తూ ఉంటే బస్సులో వచ్చావు. ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టి ఉంటే, నువ్వు నా ఎదురుగానే ఉచ్చీరమ్మ అరుగు పక్కన నిలబడ్డావు. నేను నీవైపు చూశాను. ఒట్టు గుర్తొచ్చిందా? నోరు తెరవలేదు. అక్కా అనలేదు. పోనీ నాతో మాటల్లేవు, ఆయన కాళ్ల దగ్గరకు పోయి ఆ ఒక్క మాట అనకూడదా? ఆయన వినడు గదా, నీకు ఏం తగ్గేది? ఆంజనేయుడు అంత చెడ్డవాడనుకున్నావా?

ఆ తర్వాత దినాల నాడు భారతి చేత చీర పంపావు. మొగుడు పోయినదానికి పుట్టింటోళ్లు చీర పెట్టాలట. ఆచారం తప్పకూడదట. ముప్పై ఆరేళ్లలో నా పుట్టింటి నుంచి నాకొచ్చిన మొదటి చీర అదేరా రాఘవా! పసుపు, కుంకుమ లేవు, బియ్యం లేవు, రవికె గుడ్డ లేదు. అది మాత్రం తప్పకుండా సమయానికి వచ్చింది. దానికి మహాలయ పక్షాలు అడ్డం రాలేదు. ఆ చీర ఈ జాబుతోపాటే వెనక్కి పంపుతున్నాను. భారతి మీద నాకు కోపం లేదు. పాపం, గుమ్మంలో ఏడ్చింది.

ఇప్పుడు నువ్వు ఏం చేస్తావో నాకు తెలుసు. కారేసుకుని వచ్చి, ఆచారం లేదు గీచారం లేదు, ఒడి పట్టక్కా అంటావు. నీ మనసు తేలికపడుతుంది. రావద్దు. ఆ ఒడి నా కోసం అడిగాననుకున్నావా? నాకు బియ్యం లేవా? తాళాలు వదిలేసిపోయిన నాన్నను నేను ఎప్పుడో ఎట్లాగో సర్దుకున్నాను. ఆయన కోసం అడిగాను. నన్ను చేసుకున్నందుకు ఆ మనిషి ఏ ఇంటికీ అల్లుడు కాలేదు. ఎవరికీ బావ కాలేదు. ఆఖరి రోజుల్లో కూడా వీధిలో హారన్ వినబడితే తల ఎత్తేవాడు. "మీ తమ్ముడేమో చూడు" అనేవాడు. చూసి వచ్చి కాదు అని చెప్పేదాన్ని. అన్నిసార్లూ నేనే చెప్పాను.

ఇంక కారు నీదే. షరాఫ్ బజారులో తిప్పుకో.

జయశ్రీ


ఆదోని
అక్టోబరు 12, విజయదశమి

మహేశ్వర్ బావకు,

మీ బావమరిది రాఘవేంద్ర నమస్కరించి రాయునది.

ఈ జాబు మీకు. కవరు మీద మీ పేరే రాశాను. పోస్ట్‌మన్ అక్క చేతికిస్తాడు. ఆమె చించి పారేస్తే నేను చేయగలిగింది లేదు. పారేయకపోతే మీ పటం ముందు నిలబడి చదవమని నా మనవి. మనసులో కాదు, గట్టిగా. అక్కకు నేను ఏమీ రాయడం లేదు.

బావా, మాటలు మానుకున్నది మేం అక్కాతమ్ముళ్లం. మీతో మాట్లాడొద్దని ఏ దేవుని మీదా ఒట్టు లేదు. ఉచ్చీరమ్మ గారి అరుగు పక్కన నిలబడినప్పుడు ఆ సంగతి నాకు తట్టింది. తట్టినా అక్కడే నిలబడ్డాను. మిమ్మల్ని అప్పటికే ఎత్తారు.

ఆయుధపూజ చేయలేదు. పొద్దున కారు స్టార్ట్ చేసి, వాకిటి దాకా తెచ్చి, మళ్లీ వెనక్కి పెట్టాను. భారతి ఎందుకని అడిగింది. పిలవాల్సిన వాళ్లను పిలవలేదు, పిలవకుండా ఎట్లా పోతాను అన్నాను.

కాబట్టి ఇప్పుడు పిలుస్తున్నాను. ఈ ఇంటి అల్లుడు మీరు. మీరూ అక్కా మా ఇంటికి రావాలి. మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు. ముహూర్తం నేను చూడను, ఇంక చూడను. మీరు అక్క చేత ఒక్క ముక్క రాయించండి చాలు, ఆ రోజే కారు మీ వాకిటి ముందుంటుంది. ముందు సీటు మీది. మీ పటాన్ని అక్క ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంటానంటే మీరు ఒప్పుకోవద్దు. బజారులో ఎవరు ఆపి అడిగినా, మా బావను ఇంటికి తీసుకుపోతున్నానని చెప్తాను. హాల్లో విస్తరి వేయిస్తాను. పక్కన నేను కూర్చుంటాను.

నేను డ్రైవింగ్ అంత బాగా చేయను, బావా. మెల్లగా తోలుతాను.

మీ బావమరిది
రాఘవేంద్ర


ఎమ్మిగనూరు
అక్టోబరు 21

రాఘవేంద్రకు,

కవరు మీద ఆయన పేరు చూసి పోస్ట్‌మన్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఆయప్ప లేడు గదమ్మా, వాపసు రాయల్నా?" అన్నాడు. ఇట్లా ఇవ్వు అని తీసుకున్నాను. మూడు రోజులు విప్పలేదు.

నీ మీద నా కోపం ఒక్క రవ్వ కూడా తగ్గలేదు. తగ్గుతుందని ఆశ పెట్టుకోవద్దు. మాటలు లేవు, అట్లాగే ఉండనీ. మాసికం అయ్యేదాకా నేను గడప దాటను. తర్వాత సంగతి తర్వాత. ఒడి ఊసెత్తితే మాత్రం జాబు చదవకుండానే పొయ్యిలో పెడతాను.

నిన్న సాయంత్రం చదివాను. నువ్వు చెప్పినట్టే, ఆయన ముందు నిలబడి చదివాను. వీధి తలుపు బార్లా తీసి పెట్టి చదివాను. మొదటి మాట దగ్గరే ఆగి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. ఎదురింట్లో ఉచ్చీరమ్మ చాటలో బియ్యం చెరుగుతూ ఉన్నది, చాట పక్కన పెట్టి మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆ పక్కింటి వాళ్లూ వచ్చారు. నేను ఆపలేదు, చివరిదాకా చదివాను.

"ఎవురు రాసినారు జయక్కా?" అన్నది ఉచ్చీరమ్మ.

నా తమ్ముడు అని చెప్పలేదు. ఆ మాట నాకు రాలేదు.

"మా ఆయన బామ్మర్ది" అన్నాను.

జయశ్రీ